‘ఆపరేషన్ కుదరదు’ అన్న మాట కీమో తర్వాత కూడా అలాగే ఉంటుందా?

ప్యాంక్రియాస్ (క్లోమం) క్యాన్సర్ గురించి ఈ మధ్య వచ్చిన ఉత్తరాలు ఒకచోట పెట్టి చూస్తే చాలామంది అడుగుతున్నది దాదాపు ఒకటే. మొదట్లో ఆపరేషన్ కుదరదన్నారు, కీమో, రేడియేషన్ అయ్యాయి, ఇప్పుడేం చెయ్యాలి? అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇస్తున్నాను. మొదటి జవాబు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

*

ప్రశ్న: డాక్టరుగారూ, మా నాన్నగారికి 58 ఏళ్లు, కిరాణా కొట్టు నడుపుతారు. సంక్రాంతి వెళ్లాక కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లే కదా అని పసరు మందు తాగించాం, తగ్గలేదు. స్కాన్ చేస్తే ప్యాంక్రియాస్ తలభాగంలో గడ్డ ఉందని, అది రక్తనాళాన్ని చుట్టుకుందని, ఆపరేషన్ కుదరదని చెప్పారు. పిత్తనాళంలో స్టెంట్ (చిన్న గొట్టం) వేసి, బయాప్సీ చేసి, ఫోల్ఫిరినాక్స్ అనే కీమో ఎనిమిది సార్లు ఇచ్చారు. తర్వాత ఐదు వారాలు కరెంటు పెట్టారు. సీఏ 19-9 అనే రక్తపరీక్షలో అంకె మొదట్లో 860 ఉండేది, ఇప్పుడు 31. కానీ కొత్త సీటీ రిపోర్టులో గడ్డ పెద్దగా తగ్గలేదని రాశారు. మా డాక్టరుగారు కీమోనే ఇంకొంత కాలం ఇద్దామంటున్నారు. మా బాబాయి మాత్రం ఇప్పుడు ఆపరేషన్ చేస్తారట, వెళ్దాం పదండి అంటున్నాడు. ఇంకో విషయం, నాన్నకి క్యాన్సర్ అని చెప్పలేదు, కడుపులో గడ్డ అని మాత్రమే తెలుసు. ఏం చెయ్యమంటారు?
– ఒక కొడుకు, తెనాలి

జవాబు: బాబూ, మీ బాబాయి చెప్పిన దాంట్లో విషయం ఉంది. ఆపరేషన్ చెయ్యాల్సిందే అని నేను అనడం లేదు, మీ నాన్నగారిని చూడకుండా ఎవరూ ఆ మాట అనకూడదు. కానీ ఆ ప్రశ్న మళ్లీ అడగాల్సిన సమయం ఇదే. జనవరిలో ‘కుదరదు’ అన్నది జనవరి స్కాన్ చూసి చెప్పిన మాట, దాన్ని జీవితాంతం మోయక్కర్లేదు.

అప్పుడు ఎందుకు కుదరదన్నారో ముందు చెప్తాను. ప్యాంక్రియాస్ పొట్ట వెనకాల, వెన్నుకి దగ్గరగా ఉంటుంది. దాన్ని ఆనుకునే పేగులకు రక్తం తీసుకెళ్లే పెద్ద ధమని, పేగుల నుంచి లివర్‌కి రక్తం తెచ్చే పెద్ద సిర వెళ్తుంటాయి. గడ్డ సిరని పట్టుకుంటే ఆ ముక్క కోసి మళ్లీ కుట్టొచ్చు, అలవాటున్న సర్జన్లకి అది తెలిసిన పనే. ధమని అలా కాదు, దానికి ఏదైనా అయితే పేగుకే రక్తం ఆగిపోతుంది. అందుకని ధమని చుట్టుకొలతలో సగం కంటే ఎక్కువ గడ్డ చుట్టుకుని ఉంటే ‘లోకల్లీ అడ్వాన్స్‌డ్’ అంటారు, సగం లోపు తాకితే ‘బోర్డర్‌లైన్’ అంటారు. ఈ జబ్బు బయటపడే నాటికి నేరుగా ఆపరేషన్‌కి వెళ్లగలిగేవాళ్లు నూటికి పదిహేను, ఇరవై మందే. కాబట్టి మీ నాన్నగారిలాంటి వాళ్లు చాలామంది ఉన్నారు.

ఒకప్పుడు వీళ్లకి ఆపరేషన్ ఊసే ఎత్తేవాళ్లం కాదు. మార్పు 2011 తర్వాత వచ్చింది. ఆ ఏడాది ఫ్రాన్స్ డాక్టర్లు ఫోల్ఫిరినాక్స్ ఫలితాలు ప్రచురించారు. మీ నాన్నగారికి ఇచ్చింది అదే, నాలుగు మందుల కలయిక, అందులో ఒకటి పంపు కట్టుకుని 46 గంటల పాటు ఎక్కుతుంది. వాళ్లు దాన్ని జబ్బు ఇతర అవయవాలకి పాకినవాళ్ల మీద పరీక్షించారు, పాత మందుతో సగటున 6.8 నెలలు ఉన్న బతుకు 11.1 నెలలకి పెరిగింది. అంత గట్టిగా పనిచేసే మందు దొరికాక, పాకకుండా ఒకేచోట ఉన్న పెద్ద గడ్డలకి కూడా ముందు ఇదే ఇచ్చి చూద్దామని మొదలుపెట్టారు. 2016లో ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి 315 మంది లోకల్లీ అడ్వాన్స్‌డ్ పేషెంట్ల లెక్క తీస్తే, మొదట కుదరదన్న వాళ్లలో సుమారు నలుగురికి ఒకరు చివరికి ఆపరేషన్ దాకా వెళ్లగలిగారు. నలుగురికి ఒకరే కదా అనకండి, అంతకు ముందు ఆ ఒక్కరు కూడా అరుదే. మిగతా ముగ్గురి సంగతి కూడా మనసులో పెట్టుకునే ఆసుపత్రికి వెళ్లండి.

ఇప్పుడు మీ అసలు టెన్షన్‌కి వద్దాం, సీటీలో గడ్డ తగ్గలేదన్న సంగతి. కీమో, రేడియేషన్ తర్వాత సీటీ స్కాన్‌ని ఒక్కదాన్నే నమ్మి తీర్పు చెప్పకూడదు. పందిరి గుంజకి చుట్టుకున్న తీగ ఎండిపోయినా గుంజని వదలదు, దూరం నుంచి చూసేవాళ్లకి అది పచ్చిదో ఎండుదో తెలియదు. మందులకి క్యాన్సర్ కణాలు చచ్చాక అక్కడ గట్టి పీచు కణజాలం మిగులుతుంది, స్కాన్‌లో అది కూడా గడ్డలాగే కనిపిస్తుంది. బోస్టన్‌లోని మాసచుసెట్స్ జనరల్ ఆసుపత్రి సర్జన్లు 2015లో సరిగ్గా ఈ సంగతే రాశారు. ఫోల్ఫిరినాక్స్ తర్వాత స్కాన్‌లో ఇంకా కుదరదన్నట్టు కనిపించినవాళ్లలో కూడా లోపలికి వెళ్లి చూస్తే చాలామందికి గడ్డ పూర్తిగా తీయగలిగారు. అందుకే ఇప్పుడు అనుభవమున్న చోట్ల ‘గడ్డ చిన్నదయిందా’ అని కాక ‘గడ్డ పెరగకుండా ఉందా, కొత్త చోటికి పాకకుండా ఉందా, సీఏ 19-9 పడిందా, మనిషి తేరుకున్నాడా’ అని చూస్తారు.

మీ నాన్నగారి సీఏ 19-9 మామూలు హద్దు 37 కిందకి వచ్చింది, ఇది మంచి గుర్తు. అయితే ఒకటి చూసుకోవాలి. ఆ 860 కామెర్లు ఉన్నప్పుడు తీసిందా, స్టెంట్ వేసి పచ్చదనం తగ్గాక తీసిందా? కామెర్లు ఉంటే క్యాన్సర్‌తో సంబంధం లేకుండానే ఆ అంకె పైకి పోతుంది. పాత కాగితాల్లో బిలిరుబిన్ (కామెర్ల అంకె) పక్కన పెట్టి తేదీలు సరిచూడండి. అమెరికాలో మేయో క్లినిక్ సర్జన్లు ముందుగా కీమో, రేడియేషన్ ఇచ్చి ఆపరేషన్ చేసిన 194 మంది లెక్క ప్రచురించారు. అందులో బాగా బతికినవాళ్లలో మూడు విషయాలు కనిపించాయి: కనీసం ఆరు విడతల కీమో పూర్తి చెయ్యడం, సీఏ 19-9 మామూలుకి రావడం, తీసిన గడ్డని మైక్రోస్కోప్ కింద చూస్తే క్యాన్సర్ కణాలు చాలావరకు చచ్చి ఉండటం. మొదటి రెండూ మీ నాన్నగారికి కలిసొచ్చాయి, మూడోది ఆపరేషన్ అయితే తప్ప తెలియదు. ఆ 194 మందిలో సగం మంది దాదాపు 59 నెలలు దాటి ఉన్నారు. ఈ అంకె చూసి మీకు ఆశ పుట్టడం సహజం, కానీ వాళ్లంతా అన్ని వడపోతలూ దాటి ఆపరేషన్ బల్ల దాకా చేరినవాళ్లు. మధ్యలో జబ్బు పాకి ఆగిపోయినవాళ్లు ఆ లెక్కలో లేరు.

రేడియేషన్ గురించి కూడా ఒక మాట, అది ఇచ్చారు కాబట్టి ఆపరేషన్ ఖాయమని కొందరు అనుకుంటున్నారు. 2016లో వచ్చిన ఎల్ఏపీ07 అనే పరీక్షలో లోకల్లీ అడ్వాన్స్‌డ్ వాళ్లకి కీమో తర్వాత రేడియేషన్ కలిపినా ఆయుష్షు పెరగలేదు, గడ్డ ఉన్నచోట మళ్లీ విజృంభించడం మాత్రం తగ్గింది. మరోవైపు నెదర్లాండ్స్‌లో నేరుగా ఆపరేషన్‌కి వీలున్న, బోర్డర్‌లైన్ పేషెంట్లకి ముందు కీమో, రేడియేషన్ ఇచ్చి చూస్తే ఐదేళ్లు బతికినవాళ్లు 20.5 శాతం, నేరుగా ఆపరేషన్ చేసినవాళ్లలో 6.5 శాతం. అంటే ఎవరికి ఉపయోగమో ఇంకా తేలుతూనే ఉంది, అందుకే ఒక్కో ఆసుపత్రి ఒక్కో పద్ధతి పాటిస్తుంది. మీ డాక్టరుగారు కీమో కొనసాగిద్దామన్నారని ఆయన్ని తప్పుపట్టకండి, అది కూడా సమంజసమైన సలహానే. మీరు చెయ్యాల్సింది ఆయన్ని వదిలేసి పోవడం కాదు, ఆయన దగ్గరే ఒక రిఫరల్ లెటర్ రాయించుకుని సర్జన్ అభిప్రాయం తీసుకోవడం.

ఏ సర్జన్ అన్నది ఇక్కడ చాలా ముఖ్యం, దీనిమీద నేను మొహమాటపడను. తలభాగంలో గడ్డకి చేసేది విపుల్స్ ఆపరేషన్. ప్యాంక్రియాస్ తల, డుయోడినం అనే చిన్నపేగు మొదటి భాగం, పిత్తాశయం, పిత్తనాళం కింది భాగం, ఒక్కోసారి పొట్టలో కొంత తీసేసి, మిగిలిన ప్యాంక్రియాస్‌నీ పిత్తనాళాన్నీ పొట్టనీ పేగుకి మూడు చోట్ల కలిపి కుట్టాలి. అందులో ప్యాంక్రియాస్ కుట్టు కారితేనే ప్రమాదం. రేడియేషన్ తర్వాత కణజాలం గట్టిపడి ఉంటుంది, ధమని మీద పొరని మిల్లీమీటరు మిల్లీమీటరు ఒలుచుకుంటూ పోవాలి, ఆరేడు గంటలు పడితే ఆశ్చర్యం లేదు. అమెరికాలో 2002లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో ప్యాంక్రియాస్ ఆపరేషన్లు అతి తక్కువగా చేసే ఆసుపత్రుల్లో మరణాలు 16.3 శాతం, బాగా ఎక్కువగా చేసేచోట 3.8 శాతం. అదే ఆపరేషన్, అదే జబ్బు. కాబట్టి సర్జన్‌ని నేరుగా అడగండి: ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు, కీమో రేడియేషన్ అయినవాళ్లకి ఎన్ని చేశారు, సిర కోసి కుట్టాల్సివస్తే మీ దగ్గర ఎవరు చేస్తారు, అర్ధరాత్రి రక్తస్రావమైతే కొయ్యకుండానే ట్యూబు ద్వారా ఆపే రేడియాలజిస్టు ఉంటారా? మంచి సర్జన్‌కి ఈ ప్రశ్నలకి కోపం రాదు.

వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితాలు ఒక్కటే పట్టుకెళ్తే సరిపోదు. కీమోకి ముందు తీసిన సీటీ సీడీ, తర్వాత తీసిన సీటీ సీడీ రెండూ కావాలి, సర్జన్ వాటిని పక్కపక్కన పెట్టి తన కళ్లతో చూడాలి. పాత సీడీ పోతే స్కాన్ తీసిన చోట మళ్లీ రాసిస్తారు, అడగండి. మామూలుగా రేడియేషన్ ముగిసిన నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య ఆపరేషన్ పెట్టుకుంటారు, కాబట్టి నాన్చకండి. ఈలోగా నాన్నగారి తిండి, నడక చూసుకోండి. రక్తంలో అల్బుమిన్ అనే మాంసకృత్తు పడిపోయి, మంచానికి అతుక్కుపోయిన మనిషికి ఎంత గొప్ప సర్జన్ చేసినా కోలుకోవడం కష్టం. రోజూ వీధి చివరిదాకా నడవగలిగితే అది కూడా వైద్యమే. కొన్నిచోట్ల పెద్ద కోతకి ముందు చిన్న రంధ్రం పెట్టి లాపరోస్కోపీతో కడుపు లోపల చూస్తారు, స్కాన్‌కి అందని చిన్న మచ్చలు లివర్ మీదో పొర మీదో ఉంటే అక్కడితో ఆపేస్తారు. అలా ఆపితే మోసం చేశారని అనుకోకండి, అనవసరమైన పెద్ద కోత తప్పించినట్టు.

చివరిది, నాన్నగారికి చెప్పలేదన్నారు. మీ భయం నాకు అర్థమవుతుంది, మన ఇళ్లలో ‘తెలిస్తే బెంగతోనే పోతారు’ అనుకుంటాం. కానీ ఇంత కీమో, ఐదు వారాల రేడియేషన్ అయిన మనిషికి, క్యాన్సర్ వార్డులో పక్క కుర్చీ వాళ్లతో మాట్లాడిన మనిషికి తెలియదని మీరు నిజంగా అనుకుంటున్నారా? ఆయన మీ కోసం తెలియనట్టు ఉంటున్నారేమో. ఈ ఆపరేషన్‌లో ప్రాణాపాయం ఉంది, తర్వాత నెలల తరబడి ఓర్చుకోవాలి. అది ఆయన ఒళ్లు. సంతకం ఆయనే పెట్టాలి, తెలిసి పెట్టాలి. డాక్టరుగారి గదిలో మీరు పక్కన కూర్చుని, ఆయన అడిగినంత వరకు చెప్పించండి.

*

ప్రశ్న: మావారికి 49 ఏళ్లు. ప్యాంక్రియాస్ క్యాన్సర్‌కి నాలుగు నెలలు కీమో ఇచ్చారు. ఇప్పుడు స్కాన్‌లో లివర్‌లో మూడు మచ్చలు కొత్తగా వచ్చాయన్నారు. వేరే ఆసుపత్రికి వెళ్తే ప్యాంక్రియాస్, లివర్ రెండూ కలిపి ఒకేసారి తీసేస్తాం, పద్నాలుగు లక్షలవుతుంది అన్నారు. మాకున్నది ఎకరంన్నర. అమ్మితే ఆయన దక్కుతారా?
– ఒక సోదరి, కరీంనగర్ జిల్లా

జవాబు: అమ్మా, ఆ పొలం అమ్మకండి.

కీమో నడుస్తుండగానే లివర్‌లో కొత్త మచ్చలు వచ్చాయంటే జబ్బు రక్తంలో తిరుగుతోందని, ఇప్పుడున్న మందు దాన్ని ఆపలేకపోతోందని అర్థం. అలాంటప్పుడు కంటికి కనిపించే మూడు మచ్చలు కోసి తీసినా కనిపించనివి ఉండిపోతాయి. పెద్ద ఆపరేషన్ నుంచి తేరుకునే రెండు నెలలూ కీమో ఇవ్వడం కుదరదు, ఆ సమయంలో జబ్బు పెరుగుతుంది. ఒంట్లో ఒకే చోట ఉన్న గడ్డకి చేసే ఆపరేషన్ వేరు, ఇది వేరు. పైన తెనాలి అబ్బాయికి చెప్పింది చదివి మీరు ఆశపడతారని నాకు భయంగా ఉంది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

అలాగని ఏమీ చెయ్యడానికి లేదని కాదు. ఒకటి, ఆ మచ్చలు నిజంగా క్యాన్సరేనా అన్న అనుమానం డాక్టరుకి ఏమాత్రం ఉన్నా ఎంఆర్ఐ, అవసరమైతే సూదితో పరీక్ష చేయించమనండి. రెండు, బీఆర్‌సీఏ జన్యు పరీక్ష అయిందా అని అడగండి, ప్యాంక్రియాస్ క్యాన్సర్ వచ్చిన ప్రతి ఒక్కరికీ ఇది చెయ్యాలి. ఆ జన్యువులో లోపం ఉన్నవాళ్లకి కొన్ని కీమో మందులు బాగా పనిచేస్తాయి, మీ పిల్లలకి కూడా ఆ సమాచారం ముందుముందు పనికొస్తుంది. మూడు, మందు మార్చి జెమ్‌సిటాబిన్, నాబ్ పాక్లిటాక్సెల్ అనే వేరే కీమో ఇవ్వొచ్చేమో కనుక్కోండి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, నిమ్స్ ఉన్నాయి, ఆరోగ్యశ్రీ కార్డు పట్టుకుని వెళ్లండి. నడుము, పొట్ట పైభాగం నొప్పి ఉంటే ఓర్చుకోమని చెప్పకండి, మార్ఫిన్ మాత్రలు ఉన్నాయి, నరాల ముడికి ఇచ్చే ఇంజెక్షన్ ఉంది. ఎంఎన్‌జేలోనే నొప్పి తగ్గించడానికి ప్రత్యేక విభాగం ఉంది. నొప్పి తగ్గితే మనిషి తింటాడు, నిద్రపోతాడు, మీతో మాట్లాడతాడు.

*

ప్రశ్న: కత్తి పెడితే క్యాన్సర్ పాకుతుందని మా ఊళ్లో అందరూ అంటున్నారు. మా మేనత్తకి ఆపరేషన్ చేస్తామన్నారు, ఇంట్లో ఒప్పుకోవడం లేదు.
– ఖమ్మం

జవాబు: ఈ భయం ఊరికే పుట్టలేదు. మంచి స్కాన్లు లేని రోజుల్లో పొట్ట కోసి చూస్తే అప్పటికే పాకి ఉండేది, ఏమీ చెయ్యలేక కుట్టేసి పంపేవాళ్లు, కొన్ని వారాల్లో మనిషి పోయేవాడు. చూసినవాళ్లకి కత్తి వల్లే అయిందనిపించింది. కత్తి వల్ల పాకదు, పాకాక కత్తి పెట్టడం వల్ల ఉపయోగం ఉండదు, అంతే తేడా. మీ మేనత్తగారికి అన్ని పరీక్షలూ చూసి చేస్తామన్నారంటే, నేరుగా ఆపరేషన్‌కి వీలున్న ఆ కొద్దిమందిలో ఆవిడ ఉన్నారన్నమాట. ఇంట్లో పెద్దవాళ్లని ఒకసారి సర్జన్ దగ్గరికే తీసుకెళ్లి వాళ్ల నోటితోనే అడిగించండి.

*

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. అమ్మకి విజయవాడలో లోకల్లీ అడ్వాన్స్‌డ్ అన్నారు. ఇక్కడికి తీసుకొచ్చేస్తే మంచిదా?
– ఒక కూతురు

జవాబు: కీమో మందులు అక్కడా ఇక్కడా ఒకటే. కీమో మధ్యలో అంతదూరం విమాన ప్రయాణం, ఇన్సూరెన్స్ లేని ఖర్చు, చుట్టూ తనవాళ్లెవరూ లేకపోవడం... ఇవన్నీ ఆవిడే భరించాలి. ముంబైలో టాటా మెమోరియల్, వెల్లూరులో సీఎంసీ, హైదరాబాద్‌లో పెద్ద కేంద్రాల్లో ఈ ఆపరేషన్లు చేసే సర్జన్లు ఉన్నారు. మీరు అక్కడినుంచి చెయ్యగలిగిన గొప్ప సాయం సీటీ ఫైళ్లు, బయాప్సీ రిపోర్టు పంపి రెండో అభిప్రాయం తెప్పించడం. వీలైతే ఆపరేషన్ సమయంలో నెల రోజులు సెలవు పెట్టి ఇక్కడికి రండి.

*

ప్రశ్న: అమ్మకి కీమో, రేడియేషన్ తర్వాత విపుల్స్ ఆపరేషన్ అయి మూడు నెలలు. బాగానే చేశారు. కానీ రోజుకి నాలుగైదు సార్లు విరేచనాలు, జిడ్డుగా తేలుతూ ఉంటాయి, బరువు తగ్గుతూనే ఉంది. పథ్యం అని చారన్నం, ఇడ్లీ తప్ప పెట్టడం లేదు. ఎంజైమ్ క్యాప్సూల్ మధ్యాహ్నం భోజనం అయ్యాక ఒకటి వేస్తున్నాం.
– నెల్లూరు

జవాబు: ముందు ఆ పథ్యం మానెయ్యండమ్మా. ఆవిడ నీరసానికి సగం కారణం చారన్నం.

కొవ్వుని, మాంసకృత్తుల్ని అరిగించే రసాలు ఎక్కువగా ప్యాంక్రియాస్ నుంచే వస్తాయి. అందులో పెద్ద భాగం తీసేశారు, ఉన్నదానికి రేడియేషన్ తగిలింది. అందుకే తిన్న నూనె, నెయ్యి అరగకుండా జిడ్డుగా బయటికి పోతోంది. ఆ రసాన్నే క్యాప్సూల్‌లో పెట్టి ఇస్తున్నారు, కాబట్టి అది అన్నంతో పాటు లోపలికి వెళ్లాలి. భోజనం అయ్యాక వేస్తే అన్నం ముందు వెళ్లిపోతుంది, మందు వెనకాల ఒంటరిగా వెళ్తుంది. మొదటి ముద్దతో ఒకటి, భోజనం మధ్యలో మరొకటి వెయ్యండి. చాలామందికి భోజనానికి ఒక్క క్యాప్సూల్ చాలదు, ఎన్ని యూనిట్లది వాడుతున్నారో చూసి మోతాదు పెంచమని సర్జన్‌ని అడగండి. పొద్దున టిఫిన్‌కి, సాయంత్రం పాలకి, అరటిపండుతో పాటు తినే బిస్కెట్లకి కూడా కావాలి. నమిలితే పనిచెయ్యవు, మింగలేకపోతే క్యాప్సూల్ పైపొర విప్పి లోపలి గింజలు చల్లటి పెరుగులో కలిపి మింగించొచ్చు. ఎండాకాలం మీ ఊళ్లో కిటికీ పక్కన పెడితే మందు పాడవుతుంది, చల్లటి చోట ఉంచండి. ఇవి పంది ప్యాంక్రియాస్ నుంచి తయారవుతాయి. శాకాహారులకి, ఆచారం ఉన్నవాళ్లకి ఈ సంగతి ముందే చెప్పి ఒప్పించాలి, దాచకూడదు.

అది సర్దుకున్నాక పప్పు, గుడ్డు, చేప, పెరుగు, కాస్త నెయ్యి అన్నీ పెట్టండి, కొద్దికొద్దిగా రోజుకి ఆరుసార్లు. పరగడుపున ఒకసారి, తిన్న రెండు గంటలకి ఒకసారి షుగర్ చూడండి, ఈ ఆపరేషన్ తర్వాత కొందరికి కొత్తగా షుగర్ వస్తుంది, బరువు తగ్గడానికి అదీ కారణం కావచ్చు. క్యాప్సూల్ సరిగ్గా వేసినా రెండు వారాల్లో విరేచనాలు తగ్గకపోయినా, మధ్యలో చలిజ్వరం వచ్చినా, కళ్లు మళ్లీ పచ్చబడినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఆపరేషన్ చేసిన చోటికే వెళ్లండి.